సీడీ మేడమ్, రత్నమ్మ సిస్టర్, నా ఎడమ చెయ్యి

పోయిన ఎండాకాలంలో అయిదు రోజులు ఖమ్మం, భద్రాచలం వైపు తిరిగి వచ్చాను. ఆ వైపు వెళ్లే మావాళ్లంతా రాములవారి దర్శనానికే వెళ్తారు. నేను పరీక్ష పెట్టడానికి వెళ్లాను.

మాది గుంటూరు. ఇరవై రెండేళ్లుగా ఒక నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. ఖమ్మంలోని మరో నర్సింగ్ స్కూలు వాళ్లు ఈమధ్య ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టారు. పట్నం అమ్మాయిలు మామూలుగానే క్లాసులో కూర్చుని లెక్చర్లు వింటారు. అడవి వైపు ఊళ్ల అమ్మాయిలు మాత్రం పర్ణశాల అవతల ఒక చిన్న దవాఖానాలోనే ఉండి, కంప్యూటర్లో సీడీ పాఠాలు చూసి, అక్కడి సిస్టర్ దగ్గర పని నేర్చుకుంటారు. నెలకోసారి ఖమ్మం నుంచి ఒక టీచరు వెళ్లి క్లాసు చెప్పి, అనుమానాలు తీర్చాలి. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు బ్లెండెడ్ లెర్నింగ్, అంటే రెండు రకాలూ కలిపిన చదువు. రెండు బ్యాచుల్లో ఎవరు బాగా నేర్చుకున్నారో బయటి మనిషి వచ్చి చూడాలని నన్ను పిలిచారు. నేనిచ్చే రిపోర్టును బట్టి అడవి బ్యాచ్ ఉంచుతారు, లేదా ఎత్తేస్తారు.

నిజం చెప్పాలంటే ఆ రిపోర్టు సగం గుంటూరులోనే నా మనసులో రాసుకున్నాను. టీచరు నోటి నుంచి రాని పాఠం పాఠమే కాదని నా నమ్మకం. ఇరవై రెండేళ్లు గొంతు అరగదీసుకున్నదాన్ని, ఒక సీడీ నా పని చేస్తుందంటే ఎలా ఒప్పుకుంటాను?

మధిర దాటాక

రైలు మధిర దాటాక పెట్టెలో మాట మారింది. అక్కడిదాకా "ఏమండీ" అన్నవాళ్లు దిగిపోయి, "ఏందమ్మా, జర జరుగు" అనేవాళ్లు ఎక్కారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన మిర్చి బస్తాల మనిషి. ఆయన తువ్వాలు దులిపినప్పుడల్లా నేను తుమ్ముతున్నాను.

"ఏ ఊరు మేడమ్ మీది?"

"గుంటూరు."

"గుంటూరోళ్లు మిర్చికి తుమ్ముతరా?" అని ఆయన నెమ్మదిగా నవ్వాడు. తర్వాత కిటికీ పక్క సీటు నాకిచ్చి తను ఇవతలికి జరిగాడు. ఖమ్మం స్టేషన్లో నా సంచి దింపింది కూడా ఆయనే.

ఖమ్మం: రత్నమ్మ సిస్టర్ క్లాసు

రత్నమ్మ సిస్టర్ ఆ స్కూల్లో అందరికన్నా పెద్ద టీచరు. యాభై అయిదేళ్లుంటాయి. పొట్టి మనిషి, తెల్ల చీర, మోకాళ్ల నొప్పులు. నేను వెనక బెంచీ మీద కూర్చుని ఆమె క్లాసు విన్నాను. ఆరోజు పాఠం, మనిషికి ఒంట్లో నీళ్లు తగ్గిపోతే నరంలోంచి నీళ్లు ఎక్కించడం గురించి.

ఆమె పుస్తకం తెరవలేదు. తన మొదటి నౌకరీలో, మణుగూరు వైపు, వాంతులతో వచ్చిన ఒక గని కార్మికుడికి తొందరలో బాటిల్ పెట్టి, అతనికి గుండె జబ్బుందని తర్వాత తెలుసుకున్న సంగతి చెప్పింది. అతను బతికాడు గానీ ఆ రెండు గంటలు తనకింకా గుర్తున్నాయంది.

"బాటిల్ పట్టుకునే ముందు మనిషిని పట్టుకోండ్రి," అంది. "పేరడుగు. గుండె జబ్బున్నదా అడుగు. షుగరున్నదా అడుగు. చెప్పే ఓపిక లేకపోతే తోడొచ్చినోళ్లను అడుగు. ఎంత జల్దీ ఉన్నా ఆ మూడు మాటలకు టైముంటది."

అరవై మంది అమ్మాయిలు చెవులు రిక్కించి విన్నారు. నాకు లోపల పండగలా ఉంది. ఇదీ క్లాసంటే అనుకున్నాను.

మధ్యాహ్నం చేతి పని చూశాను. సూది గుచ్చడం నేర్చుకోడానికి ఒకటే రబ్బరు చెయ్యి ఉంది. దాని చర్మం చిరిగి ప్లాస్టర్లు వేసి ఉన్నాయి. అరవై మందీ వరసలో నిలబడితే గంటలో తొమ్మిది మందికి వంతు వచ్చింది. షాహీన్ అనే అమ్మాయి, క్లాసులో మొదటి మార్కులు ఆమెవే, ఏడాదిలో తన వంతు రెండుసార్లు వచ్చిందని చెప్పింది. అది నోట్సులో రాసుకున్నాను గానీ పెద్దగా పట్టించుకోలేదు. మా స్కూల్లోనూ అంతే కదా.

అడవి దవాఖానాకు షాహీన్‌నే రత్నమ్మ సిస్టర్ నాకు తోడిచ్చి పంపింది. వచ్చే నెల ఆమెకు అక్కడే డ్యూటీ అట. సాయంత్రం వాళ్ల ఇంటికి తీసుకెళ్లింది. కింద దుకాణం, పైన ఇల్లు. వాళ్ల నాన్న రేకుపెట్టెలు చేస్తాడు.

"ఇప్పుడందరూ సూట్‌కేసులే కొంటున్నరు," అన్నాడాయన సుత్తి పక్కన పెట్టి. "అయినా హాస్టళ్లకు పోయే పిల్లలు పెట్టె కావాలంటరు. మా బిడ్డ నర్సయితే దానికొకటి చేస్త, లోపల అద్దం పెట్టి."

వాళ్లమ్మ బగారా అన్నం, దాల్చా వడ్డించింది. మా వైపు పప్పులో మాంసం వేస్తారంటే నమ్మరు. నేను రెండోసారి పెట్టించుకున్నాను.

పాల్వంచ: చెరకు రసం

మర్నాడు భద్రాచలం బస్సు. కొత్తగూడెం దాటాక ఎండ బస్సు రేకుల్లోంచి దిగుతోంది. రోడ్డు పక్క ఖాళీ స్థలాల్లో తునికాకు కట్టలు బారులు తీర్చి ఎండబెట్టారు. బీడీలు చుట్టే ఆకు అదేనని షాహీన్ చూపించేదాకా నాకు తెలియదు.

పాల్వంచలో బస్సు ఇరవై నిమిషాలు ఆగింది. చెరకు రసం బండి కనిపించింది. గ్లాసు అయిదు రూపాయలు. రంపపు పొట్టులోంచి ఐసు తీసి, గోనెసంచిలో చుట్టి, కర్రతో కొట్టి వేస్తున్నారు. నాకు ఆరేళ్లుగా షుగరుంది. ఇంట్లో అయితే కాఫీలో చక్కెర కూడా మా అమ్మాయి వేయనివ్వదు. ఇక్కడెవరికి తెలుసు అనుకుని ఒక గ్లాసు తాగాను. తర్వాత ఇంకొకటి తాగాను. షాహీన్ ఐసు వద్దని ఒట్టి నిమ్మకాయ సోడా తాగింది.

భద్రాచలం: పుంటికూర

వంతెన మీదికి బస్సు రాగానే అందరూ కిటికీల వైపు జరిగారు. గోదావరి సన్నగా, ఇసుక మధ్య రెండు మూడు పాయలుగా పారుతోంది. దర్శనం బాగా జరిగింది. షాహీన్ బయట మెట్ల దగ్గర నా చెప్పులు, సంచీ చూస్తూ కూర్చుంది. నేనిచ్చిన లడ్డూ ప్రసాదం వాళ్లమ్మకని సగం కాగితంలో చుట్టుకుంది.

మెస్సులో భోజనం. వడ్డించే ఆవిడ "పుంటికూర వెయ్యాల్నా?" అని అడిగితే ఏదో అడవి ఆకు కాబోలని వేయించుకున్నాను. నోట్లో పెట్టుకుంటే మా గోంగూర.

"దీన్ని మేం గోంగూర అంటాం," అన్నాను.

"మీరేమన్నా అనుకోండ్రి, ఇది పుంటికూర," అని ఆవిడ ఇంకో గరిటె వేసింది.

పర్ణశాల దాటాక: సీడీ మేడమ్

మూడో రోజు పొద్దున్నే పర్ణశాల దాకా బస్సు, అక్కడినుంచి లోపలికి ఆటో. యాత్రికులందరూ గుడి దగ్గర దిగిపోయాక రోడ్డు మీద మేమిద్దరమే మిగిలాం. సెల్‌ఫోన్లో సిగ్నల్ పోయింది.

దవాఖానా నాలుగు గదుల పెంకుటిల్లు. ఒక గదిలో కంప్యూటరు, దానికి చీర ముక్కతో ముసుగు, కింద బ్యాటరీ. ఏడుగురు అమ్మాయిలు. అందరిలో పెద్దది సమ్మక్క. కోయ అమ్మాయి, ఇరవై నాలుగేళ్లుంటాయి. వసారాలో చీర ఉయ్యాల్లో ఆమె ఎనిమిది నెలల కూతురు నిద్రపోతోంది.

సమ్మక్క కంప్యూటరు పెట్టింది. తెర మీద ఒక నర్సు చేతికి పట్టీ కట్టి, నరం చూసి, సూది గుచ్చుతోంది. వెనక ఒక ఆడగొంతు పాఠం చెబుతోంది. బిడ్డ ఏడ్చింది. సమ్మక్క ఒక మీట నొక్కి పాఠం ఆపి, వెళ్లి పాలిచ్చి వచ్చి, ఆపిన చోటునుంచి మళ్లీ మొదలుపెట్టింది.

"ఈమెను మేం సీడీ మేడమ్ అంటం," అంది ఆ గొంతును చూపిస్తున్నట్టు. "పదిసార్లు అడిగినా కోపం చెయ్యదు. నాకు తెలుగు చదువుడు ఆలస్యం మేడమ్. క్లాసుల అయితే అందరు ముందుకు పోతరు, నేను ఎనకపడ్త. ఈమె నా కోసం ఆగుతది."

"మరి నీకు అనుమానమొస్తే?"

"నేనడిగింది చెప్పదు. ఆమె చెప్పాలనుకున్నదే చెప్తది."

"నెలకోసారి టీచరు రావాలి కదా?"

అమ్మాయిలు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. సంక్రాంతికి ముందు ఒకసారి వచ్చారట. తర్వాత ఎవరూ రాలేదు.

ఇంతలో కరెంటు పోయింది. బ్యాటరీ కాసేపు కూతపెట్టి ఆగిపోయింది. అమ్మాయిలు దానికి అలవాటు పడినట్టు లేచి ఒక చెక్క పలక తెచ్చారు. దాని మీద సైకిలు వాల్వు ట్యూబు అనే సన్నటి రబ్బరు గొట్టాన్ని మేకులతో బిగించి, పైన పాత బట్ట కప్పారు. గొట్టంలో కుంకుమ నీళ్లు. బట్ట మీద వేలితో తడిమి గొట్టం ఎక్కడుందో పట్టుకుని సూది గుచ్చితే సూదిలోకి ఎర్రనీళ్లు రావాలి. ఈ ఉపాయం ఎవరిదంటే అందరూ సమ్మక్కను చూపించారు. రోజూ ఒక్కొక్కరు పదేసి సార్లు గుచ్చుతారట.

షాహీన్ ఆ పలకను చాలాసేపు చూస్తూ నిలబడింది.

నేను మాత్రం ఒక ప్రశ్న అడిగాను. "ఏ బాటిల్ ఎవరికి పెట్టాలి, ఎందుకు?"

"సీడీల ఒక బాటిల్ చూపెట్టిన్రు మేడమ్," అంది సమ్మక్క. "ఎందుకు అదేనో చెప్పలే."

నోట్సులో రాసుకున్నాను. రాస్తుంటే కాస్త సంతోషం కూడా కలిగింది. అది ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

లేచేముందు సమ్మక్క అడిగింది. "మేడమ్, ఈ బ్యాచ్ తీసేస్తరా?"

"తీసేస్తే ఖమ్మం హాస్టల్లో ఉండి చదువుకోవచ్చు కదా."

"హాస్టల్ల పిల్లలను ఉండనియ్యరు. మా అమ్మ తునికాకు కోతకు పోతది, మా ఆయన కూలికి పోతడు. బిడ్డను ఎవరికిచ్చి పోను?" అని, కంప్యూటరు మీద ముసుగు సర్దింది. "మా ఊరి కాన్పులన్నీ ఎడ్లబండి మీదనే ఈడికి వస్తయి. మధ్యల ఒక నర్సుంటే బాగుంటదని చేరిన."

నేనే పేషెంటు

పాల్వంచ ఐసు అప్పటిదాకా ఊరుకుని, ఆ మధ్యాహ్నం నా కడుపులో లేచింది. రెండు గంటల్లో ఎన్నిసార్లు బయటికి పరుగెత్తానో లెక్కలేదు. వాంతులు కూడా మొదలయ్యాయి. మూడు గంటలకు వసారాలోంచి లేవబోతే కాళ్లు నిలవలేదు. ఇద్దరు అమ్మాయిలు ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు.

డాక్టరు మీటింగుకని భద్రాచలం వెళ్లాడు. అక్కడి నర్సు నాగమణి సిస్టర్ పక్క గదిలో కాన్పు చేస్తోంది. చేతులు కడుక్కుని ఒక్క నిమిషం వచ్చి, నా నాలుక చూసి, బీపీ చూసింది. "నీళ్లు బాగ పోయినయ్. గ్లూకోజ్ పెట్టండ్రి, నేను కాన్పు చూసి వస్త," అని మళ్లీ లోపలికి పరుగెత్తింది. మన ఊళ్లన్నిటిలో ఏ బాటిల్‌నయినా గ్లూకోజ్ అనే అంటాం. ఆవిడా ఆ అలవాటుతోనే అంది.

షాహీన్ సూది తీసుకుంది. "భయపడకండ్రి మేడమ్," అంది. నా కుడి చేతి మీద ఒకసారి గుచ్చింది, నరం జారింది. రెండోసారి గుచ్చితే అక్కడ ఉబ్బింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. క్లాసులో మొదటి మార్కుల అమ్మాయి. ఏడాదిలో రెండుసార్లు వంతు వచ్చిన అమ్మాయి.

"చెల్లె, నువ్వు మేడమ్ చెయ్యి పట్టుకో," అంది సమ్మక్క.

ఆమె నా ఎడమ చేతికి వేడినీళ్ల గుడ్డ చుట్టింది. పట్టీ కట్టి, కళ్లు సగం మూసుకుని వేలితో తడిమింది. ఒక చోట ఆగింది. చీమ కుట్టినట్టయింది, అంతే. సూదిలో ఎర్రగా కనిపించింది. ఇరవై రెండేళ్లలో నేను చూసిన మంచి చేతుల్లో అదొకటి. మాట్లాడే ఓపిక ఉంటే ఆ మాట చెప్పేదాన్ని.

తర్వాత సమ్మక్క అలమర్లోంచి బాటిల్ తెచ్చి, గొట్టం బిగించి, మేకుకు తగిలించింది. అంతా సీడీలో చూపించినట్టే, ఒక్క మాట లేకుండా. నీళ్లు వదలడానికి గొట్టం మీది చక్రం తిప్పబోతుంటే షాహీన్ అంది.

"ఆగక్కా."

నా చెయ్యి వదలకుండానే వంగి నా మొహంలోకి చూసింది. "మేడమ్, మీ పేరు చెప్పండ్రి."

నాకు విసుగొచ్చింది. మూడు రోజులుగా వెంట తిరుగుతూ పేరడుగుతుందేమిటి? చెప్పాను.

"గుండె జబ్బున్నదా?"

"లేదు."

"షుగరున్నదా?"

అప్పుడు నాకు తెలివొచ్చింది. పాఠాలు చెప్పేదాన్ని, ఆ మాట నేనే ముందు చెప్పాలి. మరిచిపోయాను. "ఆరేళ్లుగా," అన్నాను.

షాహీన్ బాటిల్ మీది అక్షరాలు చదివింది. "అక్కా, ఇది చక్కెర నీళ్లు. మేడమ్‌కు ఉప్పు నీళ్లది కావాలె."

సమ్మక్క వెంటనే గొట్టం మూసేసింది. ఆమె మొహం పాలిపోయింది. "రెండు ఒకతీరుగనే ఉంటయి గద చెల్లె. ఏది ఏదో ఎట్ల తెలుస్తది?" ఇద్దరూ అలమర ముందు నిలబడ్డారు. ఒకామె అక్షరాలు చూపిస్తోంది, రెండో ఆమె వేలితో దిద్దుకుంటోంది. ఉప్పు నీళ్ల బాటిల్ ఎక్కింది.

ఆ చక్కెర నీళ్లతో నేను చచ్చిపోయేదాన్ని అనను. కానీ చెరకు రసం తాగి, నీళ్లు పోయి, ఊరవతల పడి ఉన్న మనిషికి అది పెద్ద గండమే. సాయంత్రం సమ్మక్క నా మూత్రం చుక్కలు చక్కెర చూసే నీలం రంగు మందులో వేసి దీపం మీద కాచింది. గాజు గొట్టంలో అది ఇటుక రంగుకు తిరిగింది, అంటే చక్కెర బాగా ఎక్కువుందని. షాహీన్ దాన్ని చూసి, నన్ను చూసి, నెమ్మదిగా అంది. "పాల్వంచల రెండు గ్లాసులు తాగిన్రు మేడమ్."

నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

పక్క గదిలో పుట్టిన పిల్ల గట్టిగా ఏడుస్తోంది. నాగమణి సిస్టర్ వచ్చి బాటిల్ చూసి, జరిగింది విని, నా మంచం అంచున కూర్చుండిపోయింది. "తప్పు నాదే," అంది. "నాదీ," అన్నాను.

మంచం మీద నుంచి పరీక్ష

మర్నాటికి లేచి కూర్చోగలిగాను. మంచం వసారాలో వేయించుకుని పరీక్ష పెట్టాను. షాహీన్ రాసిన జవాబుల్లో దిద్దడానికి ఏమీ లేదు. సమ్మక్క జవాబులు పొట్టిగా, తప్పులతో ఉన్నాయి.

అప్పుడే ఒక తల్లి విరేచనాలతో ఉన్న పిల్లవాణ్ణి ఎత్తుకుని వచ్చింది. ఇదే చేతి పరీక్ష అన్నాను. షాహీన్ ఉప్పు చక్కెర పొడి పొట్లం ఇచ్చి, లీటరు నీళ్లలో కలపమని చక్కగా చెప్పింది. ఆ తల్లికి తెలుగు అంతంత మాత్రం. తలూపింది గానీ లీటరంటే ఎంతో ఆమెకు తెలిసినట్టు లేదు. సమ్మక్క వాళ్ల భాషలో ఏదో అడిగి, ఆమె సంచిలోని చెంబు తీయించింది. లీటరు సీసాతో నీళ్లు కొలిచి అందులో పోసి, నీళ్లు వచ్చిన మట్టానికి చెంబు బయట బొగ్గుతో గీత గీసి, లోపల కూడా గోటితో చూపించింది. ఆ తల్లి నవ్వి రెండుమూడు ప్రశ్నలడిగింది. ఇది సీడీలో లేదు. రత్నమ్మ సిస్టర్ లెక్చర్లోనూ, నా లెక్చర్లోనూ లేదు.

మధ్యాహ్నం నేను నిద్రలేచేసరికి షాహీన్ పలక ముందు కూర్చుని ఉంది. సమ్మక్క ఆమె వేలు పట్టుకుని బట్ట మీద తడిమిస్తోంది. కాసేపటికి వంతు మారింది. షాహీన్ లేచి నిలబడి, రత్నమ్మ సిస్టర్ గొంతుతో, నడుం మీద చెయ్యి పెట్టుకుని, మణుగూరు కథ చెప్పింది. ఏడుగురు అమ్మాయిలూ నోరు తెరుచుకుని విన్నారు. ఉయ్యాల్లో పిల్లను ఎవరో కాలితో ఊపుతున్నారు.

రిపోర్టు

భద్రాచలం బస్టాండులో, మజ్జిగ మాత్రమే తాగుతూ, గుంటూరులో మనసులో రాసుకున్నదంతా కొట్టేశాను. అడవి బ్యాచ్ ఉంచాలని రాశాను. సీడీ ఉంటే చాలదు, మాట నిలబెట్టుకుని నెలనెలా టీచరు వెళ్లాలని రాశాను. ఖమ్మం అమ్మాయిలకూ ఆ సీడీలు ఇవ్వాలని, వాల్వు ట్యూబు పలకలు పది చేయించాలని రాశాను. ఇప్పటిదాకా కలుపుతున్నామని పేరు పెట్టారు గానీ కలపలేదని కూడా రాశాను. టీచరుకు జీపు ఇవ్వాలన్నాను.

ఖమ్మంలో రత్నమ్మ సిస్టర్ ఆ కాగితాలు రెండుసార్లు చదివింది. ఆమెకు కోపమొస్తుందేమోనని చూస్తున్నాను.

"పోవాల్సింది నేనే. మోకాళ్ల నొప్పని తప్పించుకున్న," అంది. "ఆ పిల్ల, సమ్మక్క, నిజంగ ఒక్క పోటుతోనే పెట్టిందా?"

"ఒక్క పోటుతోనే."

"నాకు నేర్వడానికి మూడేండ్లు పట్టింది," అని కాగితాలు మడిచి పర్సులో పెట్టుకుంది.

బ్యాచ్ ఉంది. జీపు ఇవ్వలేదు. రత్నమ్మ సిస్టర్ నెలకోసారి బస్సులోనే వెళ్తోందని షాహీన్ ఉత్తరం రాసింది. సిస్టర్ చెప్పే కథల్ని సమ్మక్క ఇప్పుడు టేప్‌రికార్డరులో పట్టి, బిడ్డకు పాలిస్తూ మళ్లీ మళ్లీ వింటోందట.

గుంటూరు

సెలవు అయిపోయాక మొదటి క్లాసు. నా లెక్చరు ఎప్పుడూ యాభై నిమిషాలు, మధ్యలో గాలి కూడా దూరదు. ఆరోజు ఇరవై నిమిషాలకే ఆపి కుర్చీలో కూర్చున్నాను.

"ఇప్పుడు మీరు అడగండి," అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దం భరించలేక మళ్లీ మొదలుపెడదామని లేవబోయాను. అప్పుడు చివరి బెంచీలో ఒకమ్మాయి లేచింది. రెండో సంవత్సరం అమ్మాయి, రోజూ కనిపిస్తుంది, నాకు పేరు తెలియదు.

"మేడమ్, తిట్టనంటే ఒకటి చెబుతాను."

"చెప్పు."

"బీపీ చూసేటప్పుడు చెవిలో చప్పుడు వినిపిస్తుందన్నారు కదా. నాకు ఎప్పుడూ వినిపించలేదు. మొదటి ఏడాదినుంచి పక్కవాళ్లు ఏం రాస్తే అదే రాస్తున్నాను."

క్లాసంతా తలలు వంచుకుంది. ఇంకా ముగ్గురు నలుగురి మొహాలు చూస్తే వాళ్లదీ అదే కథని తెలిసిపోయింది. ఆ పాఠం నేనే చెప్పాను. చాలా బాగా చెప్పానని అప్పట్లో అనుకున్నాను కూడా.

ఆ అమ్మాయిని ముందుకు పిలిచి పేరడిగాను. వసంత అంది. నా చేతికి పట్టీ చుట్టించి, గొట్టాలు ఆమె చెవుల్లో సరిగా పెట్టి, బిళ్ల ఎక్కడ ఆనించాలో ఆమె వేలితోనే వెతికించాను. మొదటిసారి ఆమె తల అడ్డంగా ఊపింది. రెండోసారీ అంతే. మూడోసారి బిళ్లను కొంచెం లోపలికి జరిపి, గాలి నెమ్మదిగా వదలమన్నాను. పాదరసం దిగుతోంది. క్లాసంతా ఊపిరి బిగబట్టి ఆమె మొహం వైపే చూస్తోంది.

వసంత కళ్లు పెద్దవయ్యాయి. మాట్లాడితే ఆ చప్పుడు ఎక్కడ పోతుందోనన్నట్టు, ఒక చెయ్యెత్తి అందరినీ ఆగమంది.

గంట కొట్టారు. ఎవరూ లేవలేదు.